శునక గగనయాన పద్యద్వయం: సటీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యానం మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పడం సంప్రదాయం. విషయం: చిన్న కుక్కనో పిల్లినో విమానంలో, మనుషులు కూర్చునే చోటే, కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకుపోవడం. ప్రయోజనం: కింద సరుకుల అరలో పెట్టెల మధ్య అది బిక్కుబిక్కుమంటూ పోనక్కర లేకపోవడం. సంబంధం: టిక్కెట్టుకూ సంచికీ ఉన్నది. ఇక నాలుగోది, అధికారి. వేదాంత గ్రంథాల్లో శమదమాదులున్నవాడే చదవడానికి అధికారి. ఈ శాస్త్రంలో శమదమాదులు చదివే యజమానికి లేకపోయినా ఫరవాలేదు, చదవని కుక్కకు ఉండి తీరాలి. మొరగకుండా, సంచి కొరక్కుండా, పక్క సీటాయన ఇడ్లీ పొట్లం వాసనకు చలించకుండా రెండు గంటలు పడుకోగలిగిన జీవమే ఇక్కడ అధికారి.

మూలగ్రంథం విమాన సంస్థల షరతుల పత్రం. అది ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ప్రతి వాక్యం చివరా ఒక చుక్కగుర్తు, ఆ చుక్కగుర్తు కింద ఇంకో షరతు. ఇంత కఠిన గ్రంథానికి ఇంతవరకు టీక లేకపోవడం లోటు. పద్యంలో ఇమడనిది మన తలలో నిలవదు గనుక సారమంతా రెండు పద్యాల్లో పెట్టి, ఆ పద్యాలకు నేనే వ్యాఖ్య రాస్తున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. పెట్టుకుంటే పత్రికలో ఇన్ని పేజీలు నిండవు.

ఈ వ్యాఖ్య నెల్లూరు తీరాన పుట్టడానికి కారణముంది. నెల్లూరులో విమానాశ్రయం లేదు. దగదర్తిలో వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. కాబట్టి నెల్లూరి కుక్క ఆకాశానికి ఎక్కాలంటే ముందు నేల మీద రేణిగుంటకో మద్రాసుకో పోవాలి. మద్రాసంటే ఊరి మొదట్లో అయిపోయేది కాదు. విమానాశ్రయమున్న మీనంబాకం అవతలి కొసన ఉంది. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి, దాదాపు 175 కిలోమీటర్లు పోయి, ఆపైన నగరమంతా ఈది చేరాలి. విమాన ప్రయాణం గంటన్నరైతే దాని పూర్వపీఠిక నాలుగు గంటలు.

శంకలు అడిగే శిష్యుడు మైపాడు దగ్గర రొయ్యల గుంటలున్న రైతు. కూతురికి పూణెలో ఉద్యోగం. ఇంట్లో పెరిగిన తెల్లకుక్కని పంపించమని ఆ పిల్ల రోజూ ఫోను. ఆయన దృష్టిలో ఇది రొయ్య పిల్లల లారీ పంపడం కంటే సులభమైన పని. ఆ భ్రమ తొలగించడానికే మొదటి పద్యం.

మూలం

ఆ. సంచితోడ గూడి సప్తకిలోలలో
తూగినట్టి కుక్క తొక్కు మెట్లు
పీఠమేమి లేదు పీఠంబు కిందనే
వాసముండు గమ్యవసుధ వరకు.

ప్రతిపదార్థం

సంచితోడన్ కూడి = మెత్తని గాలాడే సంచితో కలిపి, అనగా సంచిలోని పరుపు, పరుపు మీది పాత తువ్వాలు, తువ్వాలులో దాచుకున్న రబ్బరు బొమ్మతో సహా; సప్తకిలోలలోన్ = ఏడు కిలోలకు మించకుండా; తూగినట్టి = విమానాశ్రయం కాటా మీద తూగిన, ఇంట్లో కాటా చెల్లదు; కుక్క = కుక్క, ఉపలక్షణంగా పిల్లి కూడా; మెట్లు తొక్కు = విమానం ఎక్కును, నిజానికి మెట్లు తొక్కేది యజమాని, కుక్క సంచి దిగదు; పీఠము ఏమి లేదు = దానికంటూ సీటు లేదు, రుసుము మాత్రం ఉంది; పీఠంబు కిందనే = ముందు వరుస సీటు కిందనే; గమ్యవసుధ వరకు = దిగే ఊరి నేల చక్రాలకు తగిలేదాకా; వాసముండు = నివసించును.

తాత్పర్యం

చిన్న కుక్క సంచిలో కూర్చుని, సీటు కింద దూరి, ఊరు చేరుతుంది.

విశేషాలు

సప్తకిలోలు వైరిసమాసమని పండితులు ముక్కు చిట్లిస్తారు. చిట్లించనీ. కుక్కనూ సామానునూ ఒకే కాటా మీద పెట్టిన నియమాన్ని చెప్పడానికి అంతకంటే తగిన సమాసం దొరకలేదు.

పాఠాంతరాలు చాలా ఉన్నాయి. ఎయిరిండియాలో చాలాకాలం చెల్లిన పాఠం అయిదు కిలోలు. ఆకాశ ఎయిర్ 2022 నవంబరులో జంతువులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు సంచితో కలిపి ఏడు కిలోలన్నది, తర్వాత పదికి పెంచింది. ఇండిగో పెంపుడు జంతువుల అధ్యాయాన్నే గ్రంథం నుంచి తీసేసింది, వికలాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలకు మాత్రమే మినహాయింపు. ఇన్ని పాఠాల్లో నేను ఏడునే ఎందుకు నిలిపానంటే, పది చేస్తే యతి చెడుతుంది. కవికి యతి ముఖ్యం. ప్రయాణికుడికి టిక్కెట్టు కొనే రోజున ఏ పాఠం అమల్లో ఉందో అది ముఖ్యం. ఆ రెండూ కలవాలని ఎక్కడా లేదు.

శిష్యుడి మొదటి శంక: "అయ్యోరా, ఏడు కిలోలంటే ఎంత? కౌంటులో చెప్పండి."

నెల్లూరు తీరంలో బరువుకు భాష కౌంటే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. నలభై కౌంటు రొయ్యలైతే ఏడు కిలోలకు 280. ఈ లెక్క చెప్పగానే ఆయన ముఖం వెలిగింది, వెంటనే ఆరింది. 280 రొయ్యలంటే చిన్న బుట్ట. వాళ్ల కుక్క చిన్న బుట్ట కాదు.

ఇక్కడ జాతి విచారం కొంచెం చెయ్యాలి. మన ఇళ్లలో పామరేనియన్ అని పిలుచుకునే తెల్లకుక్కల్లో చాలా భాగం పామరేనియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. అసలు పామరేనియన్ మూడున్నర కిలోలు దాటదు. సంచి, పరుపు, బొమ్మ అన్నీ కలిపినా ఏడులో సుఖంగా పడుతుంది. ఇండియన్ స్పిట్జ్‌లో చిన్న రకమే అయిదు నుంచి ఏడు కిలోలు. అందులో రోజూ మధ్యాహ్నం సముద్రపు చేప ముళ్లు ఏరి పెడుతుంటే ఏడు అన్నది కనీస బరువు అవుతుంది గానీ గరిష్ఠం కాదు. పామరేనియన్ అని నమ్మి టిక్కెట్టు కొని, స్పిట్జ్‌ని తీసుకుని కాటా ఎక్కించేవాళ్లే ఈ శాస్త్రంలో ఎక్కువగా భంగపడతారు.

"పది దినాలు అన్నం తగ్గిస్తే?" అన్నాడు. తగ్గించవచ్చు. కానీ ఆయన భార్య ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదని ఆయనకే తెలుసు.

బరువు ఒక్కటే చాలదనడానికి దృష్టాంతం పులికాట్ నుంచి తెస్తాను. చలికాలంలో అక్కడికి వచ్చే పెద్ద ఫ్లెమింగో బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. కాటా లెక్కన అది నిక్షేపంగా సంచి ప్రయాణికురాలే. కాళ్లు పట్టవు. కనుక జీవి సంచిలో లేచి నిలబడగలగాలి, గుండ్రంగా తిరిగి పడుకోగలగాలి అని రెండో లక్షణం చేర్చారు. సరుకుల అరలో పోయే గట్టి పెట్టెలకైతే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఏకంగా ఛందస్సే కట్టింది. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడ్డప్పుడు తలో చెవి కొనో, ఏది ఎత్తైతే అది, దాని మీద పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. గణవిభజన ఇంత కచ్చితంగా చేసినవాళ్లు మన లాక్షణికుల్లోనూ తక్కువ. కుక్క మాత్రం కొలిచేటప్పుడు కదులుతుంది. అది ఏ ఛందస్సుకీ లొంగని దోషం.

పక్కనే శ్రీహరికోట ఉండగా లైకా ఊసెత్తకుండా పోవడం బాగుండదు. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2 లో ఎక్కించిన ఆ కుక్క బరువు దాదాపు ఆరు కిలోలు. ఏడు కిలోల నియమం లేని రోజుల్లోనే దాన్ని పాటించింది. దానికంటూ ఒక అర ఉంది, తిరుగు టిక్కెట్టు లేదు. ఆ ముక్క చెప్పాక శిష్యుడు కాసేపు మాట్లాడలేదు. అందువల్ల ఇంకాస్త ముందు కాలపు, సుఖాంతమైన దృష్టాంతాలు చెప్పాల్సి వచ్చింది. 1783 సెప్టెంబరు 19న వెర్సాయ్‌లో మోంగోల్ఫియే సోదరుల బెలూన్ ఎక్కి గొర్రె, బాతు, కోడిపుంజు ఆకాశంలో తిరిగి ప్రాణాలతో దిగాయి. మనుషుల కంటే ముందు. 1909 నవంబరు 4న ఇంగ్లండులో మూర్ బ్రాబజాన్ అనే ఆయన పందిపిల్లను చెత్తబుట్టలో పెట్టి, ఆ బుట్టను విమానం రెక్కల మధ్య కర్రకు కట్టి ఎగిరాడు. పందులు ఎగరవు అన్న వాళ్ల దేశపు మాటను అబద్ధం చెయ్యడానికి. సంచి, దాన్ని పెట్టడానికి ఒక నిర్ణీత స్థానం, ఈ రెండు లక్షణాలకూ ఆద్యుడు ఈయనే. నెల్లూరు గొర్రె మాత్రం, పల్ల గానీ జోడిపి గానీ దోర గానీ, విమానం ఎక్కిన దాఖలా నా ఎరుకలో లేదు. దాని ప్రయాణాలు వేరే దిక్కున జరుగుతాయి.

పీఠం లేదన్న మాటకు ఒక అపవాదం ఉంది. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మద్రాసుకు వచ్చిన ఎయిరిండియా విమానంలో ఒకరు తమ మాల్టీస్ కుక్క కోసం బిజినెస్ తరగతి మొత్తం, పన్నెండు సీట్లూ కొనేశారు. రెండున్నర లక్షలు అయిందని పత్రికలు రాశాయి. ఆ కుక్క బరువు పత్రికలు రాయలేదు. దిగింది మన మీనంబాకంలోనే గనుక నెల్లూరు శాస్త్రకారుడు దీన్ని గుర్తుంచుకోవాల్సి వచ్చింది గానీ, ఇది శాస్త్రం కాదు, ఐశ్వర్యం.

మరో శంక: "అందరూ ఎక్కే చోట తనిఖీ యంత్రం ఉంటాది గదా, దాంట్లోకి కుక్కని కూడా తోస్తారా?"

తొయ్యరు. సంచి యంత్రంలోకి పోతుంది. కుక్కను చంకనేసుకుని యజమాని గుమ్మం దాటాలి. మెడపట్టీకి ఇనప ముక్కుంటే గుమ్మం కూస్తుంది. గుమ్మం కూసినందుకు కుక్క మొరుగుతుంది. వెనక వరుసలో ఉన్నవాళ్లంతా ఫోన్లు తీస్తారు. శమదమాదుల పరీక్ష ఆకాశంలో కాదు, ఇక్కడ. అందుకే నెల రోజుల ముందు నుంచీ సంచిని ఇంట్లో పడేసి ఉంచి, అందులోనే తిండి పెట్టి, అది తన ఇల్లే అని కుక్కకు నమ్మకం కలిగించమంటారు తెలిసినవాళ్లు. ఈ మొత్తం గ్రంథంలో నిజంగా పనికొచ్చే సలహా ఇదొక్కటే అనుకుంటాను. సంచిని ప్రయాణం రోజు తెల్లవారుజామున మొదటిసారి చూసిన కుక్క దాన్ని శత్రువుగానే ఎంచుతుంది, దాని తప్పేమీ లేదు.

మూలం

తే. వైద్యపత్రంబు, టీకాల వరుసచీటి,
మత్తుమందియ్యలేదన్న మాట చాలు;
ముక్కుచప్పిడి జాతికి మూయు తలుపు;
అట్లు గాకున్న నెక్కింతు రంబరమున.

ప్రతిపదార్థం

వైద్యపత్రంబు = ఈ జీవి ఆరోగ్యంగా ఉంది, ఎగరవచ్చు అని పశువైద్యుడు ప్రయాణానికి కొద్ది రోజుల ముందు రాసిచ్చే కాగితం; టీకాల వరుసచీటి = ఏ రోజున ఏ సూది పొడిచారో రాసిన పుస్తకం; మత్తుమందు ఇయ్యలేదన్న మాట = నిద్రమాత్ర మింగించలేదన్న హామీ; చాలు = సరిపోవును (వ్యాఖ్యాత ఆశ); ముక్కుచప్పిడి జాతికి = ముఖంలోకి అణిగిపోయిన ముక్కు గల పగ్, బుల్‌డాగ్ కుక్కలకూ, పర్షియన్ పిల్లులకూ; తలుపు మూయు = విమానం తలుపు మూసుకొనును; అట్లు కాకున్నన్ = పై లోపమేదీ లేకపోతే; అంబరమునన్ = ఆకాశమందు; ఎక్కింతురు = ఎక్కించెదరు.

విశేషాలు

టీకాల్లో ప్రధానం రేబిస్‌ది. కుక్కలతోపాటు మనుషులకూ సంబంధించిన రోగం కనుక ప్రపంచమంతా దీన్నే ముందు అడుగుతుంది. మొదటిసారి వేయించిన సూది ఆ రోజే పనిచెయ్యదు, ఒంట్లో శక్తి పుట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే బయల్దేరే ముందురోజు పరిగెత్తుకుపోయి వేయించిన టీకా కౌంటరు దగ్గర చెల్లదు. నెల్లూరు పొగతోటలో మనుషుల డాక్టర్లు వీధికి వీధే ఉన్నారు. పశువుల డాక్టరును మాత్రం ముందుగానే వెతికి పెట్టుకోవాలి. 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల పెట్టినప్పుడు ఎడ్లనూ గేదెలనూ దృష్టిలో పెట్టుకున్నారు. అక్కడ చదివినవారి చేత ఇప్పుడు తెల్లకుక్కకు గగనార్హత పత్రం రాయించుకుంటున్నాం.

మత్తు సంగతి. దారిలో గోల చేస్తుందేమోనని మాత్ర మింగించాలన్నది సహజమైన ఆలోచన, చెడ్డ ఆలోచన. ఎగిరే విమానంలో లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. ఆరోగ్యమైన కుక్క దాన్ని తట్టుకుంటుంది. మత్తులో ఉన్నదానికి రక్తపోటు పడిపోతుంది, ఊపిరి మందగిస్తుంది, ఒళ్లు వేడెక్కినా చల్లార్చుకునే తెలివి ఉండదు. నిద్రపోతోందని మనం అనుకుంటూ ఉంటాం. తూలుతున్న జంతువును ఎక్కించుకోబోమని సంస్థలు చెప్పడంలో దయే ఉంది.

ఇప్పుడు ముక్కు దగ్గరికి వద్దాం. ఈ టీక రాయడానికి కూర్చున్నది నిజానికి ఈ పాదం కోసమే.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దాని పంకా. ముక్కు లోపలికి అణిగిపోయిన జాతుల్లో గాలి దారి ఇరుకు, అంగిలి వెనకభాగం పొడుగై ఆ దారికే అడ్డం పడుతుంది. వేడిలోనో భయంలోనో గట్టిగా వగర్చవలసి వచ్చినప్పుడు ఆ ఇరుకు దారి వాచి మరీ మూసుకుపోతుంది. అమెరికా రవాణా శాఖ 2010లో బయటపెట్టిన లెక్కల్లో, అయిదేళ్లలో విమాన ప్రయాణాల్లో చనిపోయిన 122 కుక్కల్లో దాదాపు సగం ఈ చప్పిడిముక్కు జాతులవే. బుల్‌డాగులు 25, పగ్‌లు 11. అందుకని తలుపు మూశారు. కొన్ని సంస్థలు సరుకుల అరకు మాత్రమే మూస్తాయి, కొన్ని మొత్తానికే.

మరి ఆ ముక్కు ఎవరు పెట్టారు? బ్రహ్మ పెట్టలేదు. ముఖం పసిపిల్లలా గుండ్రంగా, కళ్లు పెద్దవిగా ఉంటే ముద్దొస్తుందని మనిషే తరతరాలుగా ఏరి ఏరి జత కలిపి ఆ ముక్కును నొక్కేశాడు. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో ఒక పగ్ పిల్లవాడి వెంట ఎక్కడికి పోతే అక్కడికి నడిచింది. దేశమంతా పగ్‌లు కొన్నది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద వైశాఖ మాసంలో సైతం ఆ చైనా కుక్క గురకపెడుతూ నడిచింది. ఎక్కడికి పోయినా వెంట వస్తుందన్న బొమ్మ చూసి కొన్న కుక్కకే, వెంట రాకూడదన్న నియమం. తలుపు మూసిన సంస్థను తిడతాం గానీ, సంస్థ చేసింది మనం నొక్కిన ముక్కును కొలవడమే.

ఇంకొకటి. మన తీరంలో ప్రాణాంతకమైనది ఆకాశం కాదు, నేల. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కిటికీలు బిగించిన కారును తడ దగ్గర భోజనానికి ఆపి, కుక్కను వెనక సీటులో వదిలి పోతే, పావుగంటలో జరిగేదానికి ఏ విమాన సంస్థా పూచీ కాదు. వేసవిలో తెల్లవారక ముందు బయల్దేరాలి, లేదా మానుకోవాలి. పొట్టిముక్కుదైనా పొడుగుముక్కుదైనా ఇదే మాట. బయల్దేరే ముందు పులుసన్నం వద్దు. మంచినీళ్లు చాలు.

ప్రవాస ప్రకరణం

శిష్యుడి పెద్దకొడుకు డల్లాసులో ఉన్నాడు. "పూణె అయినాక అట్నే అమెరికాకి?" అన్నాడు. ఇది వేరే శాస్త్రం. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా రోగ నియంత్రణ కేంద్రం కుక్కల రాకకు కొత్త నియమాలు పెట్టింది. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, టీకా రుజువు ఉండాలి, ముందుగా దరఖాస్తు నింపాలి. మన దేశంలో టీకా వేయించుకున్నదైతే ఆ కేంద్రం గుర్తించిన పశు సంరక్షణాలయంలో చోటు ముందే బుక్ చేసుకుని, అది ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. రక్తపరీక్షలో తగినంత రోగనిరోధకశక్తి చూపకపోతే 28 రోజులు అక్కడే. ఇవతల మద్రాసులో కేంద్ర పశు క్వారంటైన్ కార్యాలయం నుంచి ఎగుమతి పత్రం. దీనికీ పద్యం కడదామని కూర్చున్నాను. తేటగీతిలో పట్టలేదు. సీసం కావాలి, ఎత్తుగీతి కూడా.

భావోద్వేగానికి తోడు అని చెప్పి ఏ జంతువునైనా ఎక్కించే కాలం ఒకటి అమెరికాలో నడిచింది. 2018 జనవరిలో నెవార్క్ విమానాశ్రయంలో ఒకావిడ డెక్స్టర్ అనే నెమలిని తెచ్చింది. యునైటెడ్ వాళ్లు ఎక్కించుకోలేదు. నెమలి ఒకరిని మోసుకుపోవడం మన పురాణాలకు తెలుసు, నెమలిని ఒకరు మోసుకుపోవడం కుమారస్వామికీ కొత్తే. అలాంటి వాదాలు ఎక్కువయ్యాక, 2021 జనవరి 11 నుంచి శిక్షణ పొందిన సహాయ శునకాలు వేరు, తోడు జంతువులు వేరు అని అక్కడి ప్రభుత్వం గీత గీసింది.

ఇంత చెప్పినా శిష్యుడికి అమెరికా విమానాలంటే బెరుకు లేదు. ఎందుకుంటుంది? 2009లో వనామి రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి ఆయన గుంటల తల్లివేరు ఆకాశంలోనే ఉంది. హవాయి దీవుల నుంచి తల్లిరొయ్యలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో చల్లగా విమానమెక్కి మద్రాసులో దిగుతాయి, నీలాంగరై క్వారంటైన్ కేంద్రంలో రోగపరీక్ష అయ్యేదాకా ఉంటాయి, అక్కడి నుంచి మన తీరంలోని హ్యాచరీలకు చేరతాయి. ఏ రోగమూ లేని వంశమని ధ్రువపత్రం కూడా వాటి వెంట వస్తుంది. "రొయ్యకి ఇన్ని కాగితాలు పెట్టి తెస్తా ఉంటే కుక్కకి పెట్టలేమా అయ్యోరా?" అన్నాడు. కాగితాల విషయంలో నా దగ్గర కంటే ఆయన దగ్గరే ఎక్కువ పాండిత్యం ఉంది, ఒప్పుకోవాలి.

భూమార్గ ప్రకరణం

ఆకాశం కుదరనివారికి రైలు. ఏసీ మొదటి తరగతిలో రెండు బెర్తుల కూపేనో నాలుగు బెర్తుల గదినో మొత్తంగా మనకే దొరికితే కుక్క మనతోనే వస్తుంది, బరువు ఎంతైనా. లేదంటే గార్డు పెట్టెలో కుక్కల అర. ఆ అర వర్ణనకు వ్యాఖ్యాత లేఖిని సిద్ధంగా లేదు. సింహపురి ఎక్స్‌ప్రెస్ నెల్లూరు ప్లాట్‌ఫారం మీద ఆగే కొద్ది నిమిషాల్లో చివరి పెట్టె దాకా పరిగెత్తి, కుక్కను అందులో పెట్టి, మళ్లీ మన పెట్టెకు పరిగెత్తడం యౌవనంలో చెయ్యవలసిన పని.

ప్రమాణ ప్రకరణం

ఏ శాస్త్రానికైనా చివర ఆప్తవాక్యం చూపాలి. ఈ విషయంలో ఆప్తుడు మన ఊరివాడే.

మహాభారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని చాలామంది గమనించరు. ఆదిపర్వంలో జనమేజయుడి యజ్ఞం దగ్గరికి సరమ అనే ఆడకుక్క కన్న పిల్ల వస్తుంది. హవిస్సు ముట్టకపోయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. తల్లి వచ్చి, ఏ తప్పూ చెయ్యనిదాన్ని ఎందుకు కొట్టారని నిలదీసి, అనుకోని భయం వస్తుందని చెప్పి పోతుంది. ఇది నన్నయ భాగం, రాజమహేంద్రవరంలో జరిగిన రచన. చివరి కుక్క మాత్రం నెల్లూరులో తెలుగు నేర్చింది. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి మంత్రిగా ఈ విక్రమసింహపురిలో, పెన్న ఒడ్డున ఉన్నవాడు. మహాప్రస్థానిక పర్వం ఆయన చేతి మీదుగానే తెలుగైంది. ద్రౌపది, నలుగురు తమ్ముళ్లు దారిలో ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కతో కుదరదన్నాడు. ధర్మరాజు, నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి ఎక్కనన్నాడు.

నాకు తెలిసి, పెంపుడు జంతువును వాహనంలోకి రానివ్వకపోవడం గురించి కౌంటరు దగ్గర జరిగిన వాదం ఇదే మొదటిది. ఇంద్రుడి వైపు వాదం బలహీనమేమీ కాదు. కుక్కలున్నవాళ్లకు స్వర్గంలో చోటు లేదన్నది ఆయన సంస్థ నియమం. భార్యనూ తమ్ముళ్లనూ వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలడానికి ఏమి అని కూడా అడిగాడు. దానికి ధర్మరాజు జవాబు న్యాయవాది జవాబే: చనిపోయినవాళ్లను నేను వదల్లేదు, బతికించలేను గనుక విడిచాను, ఇది బతికి ఉంది. ఆ తర్వాత కుక్క తన అసలు రూపం చూపింది, యమధర్మరాజు.

ఈ ఘట్టాన్ని మన రెండు పద్యాలతో పోల్చి చూస్తే నాకు తోచేది, ఇంద్రుడి అభ్యంతరం పుట్టుకకు. కుక్క అయినందుకే వద్దన్నాడు, కిలోల ప్రసక్తి లేదు. మొదటి పద్యంలోని విమాన సంస్థ ఆ విషయంలో ఇంద్రుడి కంటే మెరుగు. ఏ జాతిదైనా ఏడులో తూగితే చాలునంటుంది, తగ్గించుకుని రమ్మంటుంది, తగ్గించుకుంటే ఎక్కనిస్తుంది. రెండో పద్యానికి వచ్చేసరికి మళ్లీ పుట్టుకే వచ్చింది, ఇంద్రుడి కంటే మంచి కారణంతో.

శిష్యుడు మొత్తం విన్నాడు. ఫోన్ తీసి వాళ్ల కుక్క ఫొటో చూపించాడు. పొడుగు ముక్కు, తెల్ల బొచ్చు, మంచం మీద. స్పిట్జే. ఇంట్లో చేపల కాటా మీద నిలబెట్టి చూశాడట, ఆరు కిలోల ఎనిమిది వందలు. సంచి ఇంకా కొనలేదు.

"మరి ధర్మరాజు కుక్కని ఎవురన్నా తూచినారా అయ్యోరా?"

తూచలేదు. పది కిలోల పాఠం ఉన్న సంస్థ నంబరు చీటీ మీద రాసిచ్చాను. సంచి నెల ముందే కొనమన్నాను.